వెనక గదికి ఎంత వైరు

ముందుగా ఒక మాట. అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడుముకుంటాను, దీర్ఘం మరిచిపోతాను. తప్పులుంటే సర్దుకుని చదవండి. నెమ్మదిగా రాస్తాను కాబట్టి నెమ్మదిగానే చెబుతాను. ‘నేను’ అని మొదలుపెడితే కలం కదల్లేదు. అందుకని ‘ఆమె’ అని రాస్తున్నాను. ఎవరో తెలిసినావిడ సంగతి చెబుతున్నట్టుంటే మాటలు వాటంతటవే వస్తున్నాయి.

"అమ్మకేముంది బాబాయ్! ఒక బల్బు, ఒక ఫ్యాను. ఇంకేం కావాలి?"

కొడుకు ఆ మాట గుమ్మంలో కూర్చుని బూటు లేసు కట్టుకుంటూ అన్నాడు. ఆమె అప్పుడు వెనక గదిలో ఉంది. గోడకు గాడి కొట్టగా రాలిన ఇటుక పొడిని చీపురుతో ఊడ్చి తట్టలోకి ఎత్తుతోంది. మాట చెవిన పడింది. చీపురు ఆగలేదు. ఇన్నేళ్ళలో చెవిన పడిన ప్రతి మాటకూ చీపురు ఆపుతూ పోయుంటే ఆ ఇల్లు ఊడవడం ఎప్పటికీ అయ్యేది కాదు.

నిజానికి ప్రశ్న అడిగింది ఆమెనే. అడిగినవాడు చిన్నమేస్త్రి, కరెంటు పని చేసేవాడు. ఒకప్పుడు ఆమె భర్త దగ్గర పని నేర్చుకున్నాడు. ఆయన పెద్దమేస్త్రి కాబట్టి ఇతను చిన్నమేస్త్రి అయ్యాడు. ఇప్పుడు మీసం నెరిసింది, మోకాళ్ళు పట్టేశాయి, పెద్దమేస్త్రి పోయి రెండేళ్ళు దాటింది. అయినా ఇతను మాత్రం చిన్నమేస్త్రిగానే ఉండిపోయాడు.

"వదినా, ఈ గదిలో ఏమేం పెట్టుకుంటావు?" అని అతను ఆమె మొహంలోకి చూసి అడిగాడు. ఆమె నడుం నిటారు చేసుకుని, ముక్కు మీది దుమ్ము తుడుచుకుని, నోరు తెరిచేలోగా గుమ్మంలోంచి జవాబు వచ్చేసింది.

"ముందు గదులకు లాగగా ఒక చుట్ట మిగిలిందిగా, అదే లాగెయ్," అన్నాడు కొడుకు లేచి నిలబడుతూ. "రేపు మధ్యాహ్నం ప్లాస్టరింగు వాళ్ళొస్తారు. ఈలోగా అయిపోవాలి."

"లోడు తెలియకుండా వైరు ఎంతో ఎలా చెప్పనురా?"

"చెప్పాగా. బల్బు, ఫ్యాను."

"నేనడిగింది నిన్ను కాదు."

"అమ్మనడిగితే మాత్రం ఏమంటుంది? ‘మీ ఇష్టం’ అంటుంది. కదమ్మా?"

"మీ ఇష్టం," అంది ఆమె. కావాలని అనలేదు. ఆ మాట ఆమె నోట్లోంచి తుమ్ములా వస్తుంది, ఆపుకోవడానికి వ్యవధి ఇవ్వదు.

కొడుకు నవ్వి, ఆమె భుజం మీద చెయ్యి వేసి, "దుమ్ములో ఎక్కువసేపు ఉండకు, దగ్గొస్తుంది," అని చెప్పి మందుల షాపుకు వెళ్ళిపోయాడు. అక్కడే అతని ఉద్యోగం. చెడ్డవాడు కాదు. తండ్రి పోయాక ఆమె హాల్లో దివాను మీద పడుకుంటుంటే, "ఎన్నాళ్ళని ఇలా? టీవీ ఆపేదాకా నీకు నిద్ర లేదు, ఎవరు లేచినా నీకు మెలకువే. వెనక ఉన్న నాన్న సామాన్ల గది బాగుచేయిస్తా," అన్నది అతనే. ఆ రోజు ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. ఈ కథలో చెడ్డవాళ్ళెవరూ లేరు. ఉండుంటే ఎంత తేలికయ్యేదో!

చిన్నమేస్త్రి సుత్తి తీసుకుని గాడి అంచులు సరిచేసుకుంటూ, "రేపు పొద్దున్నే వస్తా వదినా," అన్నాడు. "ప్లగ్గులు ఎక్కడెక్కడో, ఏమేం పెడతావో ఆలోచించి పెట్టుకో. ప్లాస్టరింగు అయ్యాక గుర్తొచ్చిందంటే గోడ పగలగొట్టాలి."

ఆమె తట్ట ఎత్తుకుని బయటికి పోయింది. పోతూ, మూల పడేసిన ఆ మిగిలిన చుట్ట మీద చెయ్యి వేసింది. రెండు వేళ్ళ మధ్య తీగను నలిపి చూసింది. ఒకటి నంబరు వైరు. అన్నిటికంటే సన్నది.

ఆమెకు వైరు కొత్త కాదు. పెళ్ళైన కొత్తలో ఒక పొద్దున పెద్దమేస్త్రికి సాయం మనిషి రాలేదు. "కాస్త రా, ఊరికే పట్టుకుందువుగాని," అన్నాడు. అలా ఊరికే పట్టుకోవడానికి వెళ్ళిన మనిషి కొడుకు కడుపున పడేదాకా, మళ్ళీ వాడు నడక నేర్చాక, ఆ తర్వాత తన మోకాళ్ళు అరిగేదాకా పట్టుకుంటూనే ఉంది. బయటివాడికైతే కూలి ఇవ్వాలి. పైపు ఒక చివర నుంచి ఆయన వైరు తోస్తాడు, గోడకు అవతల ఇంకో చివర ఆమె అందుకుని లాగుతుంది. "లాగు... ఆగు... లాగమంటుంటే నీక్కాదూ!" మనిషి కనపడడు, గొంతు ఒకటే వస్తుంది. వంపు దగ్గర వైరు పట్టేస్తే బలం చూపించకూడదు, తొడుగు చీరుకుపోతుంది. మణికట్టు కొంచెం తిప్పి, వదిలి, మళ్ళీ పిలిచినట్టు లాగాలి. అది ఆమె చేతికి వచ్చిన విద్య. చుట్ట మీద అంకెలు చదవడం రాని రోజుల్లోనే వేళ్ళతో నలిపి ఇది ఒకటి, ఇది ఒకటిన్నర, ఇది రెండున్నర, ఇది నాలుగు అని చెప్పేసేది. వైరు లావును ఆ పనివాళ్ళు అలా అంకెలతోనే పిలుచుకుంటారు. అంకె పెరిగేకొద్దీ లోపలి రాగి లావవుతుంది, మోయగలిగిన బరువు పెరుగుతుంది. బల్బుకు ఒకటి చాలు. నీళ్ళు కాచే గీజరుకు నాలుగు కావాలి. మీటరు నుంచి గది దూరమైతే ఇంకాస్త లావు చూసుకోవాలి, లేదంటే కరెంటు దారిలోనే నీరసపడిపోతుంది. గోడలో పూడ్చిన పైపులో వైరుకు ఊపిరాడదు, దానికీ కొంత వదలాలి. పిండికొద్దీ రొట్టె అన్నట్టు లోడుకొద్దీ వైరు. ఎవరూ ఆమెను కూర్చోబెట్టి చెప్పలేదు ఇవన్నీ. ఆయన ఇళ్ళవాళ్ళకు చెబుతుంటే విని నేర్చుకుంది.

"మీ ఆవిడ కూడా కరెంటు పని చేస్తుందే మేస్త్రీ!" అని ఎవరైనా ఆశ్చర్యపోతే ఆయన నిచ్చెన మీద నుంచే నవ్వేవాడు. "చేసేదేముందండీ, అటు చివర పట్టుకుంటుంది." ఆ ఇళ్ళల్లో కొందరు ఆమెకూ ఒక గ్లాసు టీ ఇచ్చేవాళ్ళు. కొందరు, "మీరు తాగిన గ్లాసులు కాస్త కడిగేసి పోమ్మా," అనేవాళ్ళు. మీరు అంటే ఇద్దరు. కడిగేది ఒకరు. ఇంటికొచ్చాక ఆయన కాళ్ళు కడుక్కుని కుర్చీలో వాలితే, ఆమె తిన్నగా పొయ్యి దగ్గరికి. "పొద్దుటినుంచీ మొగుడి వెంట షికార్లు చేసొచ్చి ఇప్పుడా పొయ్యి వెలిగించేది?" అని అత్తగారు. షికారే మరి! జుట్టు నిండా సిమెంటు. అందరి స్నానాలూ అయి తన వంతు వచ్చేసరికి వేన్నీళ్ళు అడుగంటేవి. చన్నీళ్ళు పోస్తే సిమెంటు ఏం చేస్తుందో మీకు తెలియంది కాదు.

ఇక సొంత ఇంటి సంగతి. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు పెద్దలు. కరెంటు మేస్త్రీల్లో చాలామందికి ఒక ఆనవాయితీ ఉంది. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకు కొత్త చుట్టలు, తమ ఇంటికి మిగిలిన ముక్కలు. ఇంట్లో వైరింగంతా ముడులే. వంటింటికి ఆయన లాగింది ఒకటిన్నర వైరు, అదీ ముక్కలు కలిపింది. ఆమే లాగింది కాబట్టి వేళ్ళకు తెలిసింది. "వంటింటికి ఇది సన్నం కదా?" అంది. "ఏం, ఫ్యాక్టరీ పెడుతున్నావా?" అన్నాడు. తర్వాత మిక్సీ వచ్చింది, ఫ్రిజ్ వచ్చింది, అత్తగారి స్నానానికి నీళ్ళు కాచే కాయిలు వచ్చింది. ఫ్యూజు మాటిమాటికీ కొట్టేస్తుంటే కట్టీ కట్టీ విసిగిపోయి ఒకరోజు ఆయన ఫ్యూజులో లావు తీగ చుట్టేశాడు. ఫ్యూజు అంటే వైరుకు కాపలా కుక్క. మొరుగుతోందని దాని నోరు కట్టేస్తే ఏమవుతుంది? వేరే ఇళ్ళల్లో ఎవరైనా ఆ పని చేస్తే మండిపడేవాడు ఆయన. ఒక మధ్యాహ్నం వంటింటి గోడలోంచి కాలిన వాసన వచ్చింది. స్విచ్చు ఆపబోయిన ఆమె చేతి మీద కరిగిన బోర్డు ముక్క పడింది. ఆయన పరుగున వచ్చి మెయిన్ ఆపి, ఊపిరి పీల్చుకుని, మొట్టమొదట అన్న మాట: "అన్నీ ఒకేసారి ఎందుకు వేస్తావే? బుద్ధుందా?"

ఆమె చేతికి మందు రాసుకుంటూ లెక్క చూసుకుంది. నీళ్ళు కాచింది అత్తగారికి. మిక్సీ తిప్పింది ఆయన కూరకు. ఫ్రిజ్ అందరిదీ. మరి ఇందులో నేను వేసుకున్న లోడు ఏది?

ఆయన మంచాన పడ్డాక ఒకరోజు ఆమె చెయ్యి పట్టుకుని, ఆ పాత మచ్చ మీద బొటనవేలితో రాస్తూ, "మనింటికి కూడా కొత్త చుట్ట కొనాల్సింది," అన్నాడు. ఆ మనిషి జీవితంలో అడిగిన క్షమాపణ అదొక్కటే. అది చాలనుకుంది అప్పుడు. చాలలేదేమో అని ఈమధ్యే అనిపిస్తోంది, చదువుకోవడం మొదలుపెట్టాక.

ఆ సాయంత్రం బళ్ళో పెద్దవాళ్ళ తరగతి నుంచి వచ్చి, పుస్తకం సంచీతోనే వెనక గదిలోకి వెళ్ళింది. కిటికీలోంచి ఇంకా వెలుగు వస్తోంది. చిన్నమేస్త్రి పైపులు వేసి వెళ్ళిపోయాడు. గాడిలో అక్కడక్కడా సిమెంటు ముద్దలు పెట్టి అతికించాడు. ఆమె చూసి, దగ్గరికి వెళ్ళి, నమ్మకం కుదరక బొటనవేలూ చూపుడువేలూ చాపి కొలిచింది. అంగుళం పైపు! ఒక బల్బుకు, ఒక ఫ్యానుకు ఎవరైనా అంగుళం పైపు వేస్తారా? అందులో లావుపాటి వైరు ఏదైనా హాయిగా పడుతుంది. కొడుకు చెప్పింది అతను విన్నాడు, తలూపాడు, వినిపించుకోలేదు. ఆమె ‘మీ ఇష్టం’ అన్నా కూడా ఆమె జవాబు కోసం గోడలో చోటు వదిలి వెళ్ళాడు.

ఆమె ఆ చోటు కేసి చూస్తూ ఖాళీ సిమెంటు సంచీ మీద కూర్చుంది. ఏం కావాలి నాకు? అడిగిచూసుకుంటే నవ్వొచ్చింది. గుర్తుకొచ్చినవన్నీ వరసగా వేరేవాళ్ళవే. కొడుకు చొక్కాల ఇస్త్రీకి ఒక ప్లగ్గు. కోడలి ఫోను చార్జింగుకు ఒకటి. ఎవరైనా చుట్టాలొచ్చి పడుకుంటే వాళ్ళకో చిన్న లైటు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆ అమ్మకు ఎవరు పెడతారో, ఆవిడ ఎవరినడగాలో సామెత చెప్పకుండా వదిలేసింది.

కోడలు వచ్చేసరికి దీపాలు పెట్టారు. బట్టల షాపులో పొద్దుటినుంచీ నిలబడి అమ్మే ఉద్యోగం ఆ పిల్లది. వస్తూనే చెప్పులు విడిచి, ఉబ్బిన పాదాలు చల్లటి నేలకు ఆనించి, కాసేపు కళ్ళు మూసుకుంటుంది. అలా చూసినప్పుడల్లా ఆమెకు ఆ పిల్ల మీద జాలి, ముద్దు రెండూ కలుగుతాయి. అన్నాల దగ్గర కోడలు హుషారుగా, "అత్తయ్యా, నాకొక ఆలోచన వచ్చింది!" అంది. "వాషింగ్ మెషీను వంటింట్లో దారికడ్డంగా ఉంది కదా. దాన్ని మీ గదిలో పెట్టేద్దాం. ఇస్త్రీ బల్ల కూడా. ఎలాగూ మీరక్కడే ఉంటారు, చూసుకుంటారు. నాకు కాస్త ఊపిరాడుతుంది."

"అబ్బ, భలే ఆలోచన!" అన్నాడు కొడుకు. వెంటనే ఎడమచేత్తో ఫోను తీశాడు. "బాబాయ్, నేనే. ఆ మిగిలిన చుట్ట వద్దు. వెనక గదికి మెషీను వస్తోంది, దానికి సన్నది ఆగదు. లావుది తీసుకురా. లావంటే లావు, ఎంతైనా పర్లేదు. తర్వాత కాలిందంటే ఎవడు చస్తాడు!"

కూర గరిటె ఆమె చేతిలో ఉంది. కొడుకు కంచంలోకి వంగిన గరిటె అలాగే ఉండిపోయింది.

పొద్దున అమ్మకైతే మిగిలిన చుట్ట. సాయంత్రం బట్టల మెషీనుకైతే కొత్త వైరు, అదీ లావుది.

"వెయ్యమ్మా," అన్నాడు కొడుకు కంచం జరిపి. ఆమె వేసింది.

గిన్నెలు తోముతూ ఆలోచించింది. గిన్నెలు తోముకుంటున్న ఆడదాన్ని ఎవరూ కదిలించరు, సాయం చెయ్యాల్సి వస్తుందేమో అని. ఆమె జీవితంలో ఆలోచనలన్నీ అక్కడే పుట్టాయి. ఊరుకున్నంత ఉత్తమం లేదు, అనిపించింది మొదట. నోరు మూసుకుంటే చాలు, కోరకుండానే లావు వైరు వస్తుంది. ఆ తర్వాత తనక్కావలసింది ఏదో మెల్లగా తగిలించుకోవచ్చు. ఆ కిటుకు ఆమెకు కొట్టిన పిండి. వంటింటికి కిటికీ కావాలంటే, "పొగకు అత్తయ్యగారు దగ్గుతున్నారు," అంది. కిటికీ వచ్చింది. కాళ్ళకు మంచి చెప్పులు కావాలంటే, "నిచ్చెన జారితే మీకే పని ఆగుతుంది," అంది. చెప్పులొచ్చాయి. గాలి కావాలి అని గాని, కాళ్ళు నొప్పెడుతున్నాయి అని గాని ఎన్నడూ అనలేదు. ప్రతి కోరికకూ ఎవరిదో ఒక పేరు తొడిగి బయటికి పంపింది. అలా పంపీ పంపీ, ఏ పేరూ తొడగని కోరిక తనకొకటి ఉండేదా అన్నదే మరిచిపోయింది.

మరి మెషీను వస్తే? అది గడగడ తిరుగుతుంటే తను పుస్తకం పట్టుకుని అక్షరాలు కూడబలుక్కోవాలి. మంచం మీద తడిబట్టల కుప్ప. "అత్తయ్యా నా నీలం జాకెట్టు", "అమ్మా నా చొక్కా" అంటూ తోసుకుని వచ్చేవాళ్ళకు అది గది కాదు, బట్టలు ఉతికే చోటు. ఆ చోట ఆమెకొక మంచం ఉంటుంది. అంతే.

కోడలి పాదాలు గుర్తొచ్చాయి. ఆ పిల్లకు ఊపిరాడాలి, నిజమే. ఆ ఊపిరి కోడలు అత్త దగ్గర నుంచి తీసుకోవాలనుకుంటోంది, పక్కన కూర్చుని తింటున్న మొగుడి దగ్గర నుంచి కాదు. అదీ తనకు బాగా తెలిసిన దారే. తను మాత్రం కొడుకు పసివాడుగా ఉన్నప్పుడు అత్తగారి మీద వదిలి పోలేదూ? ఆ ముసలావిడ నడుం గురించి ఆ ఇంట్లో ఎవరు అడిగారు?

చివరి గిన్నె బోర్లించేసరికి ఆమెకు ఒక సంగతి తేలింది. రేపు మెషీను సాకుతో లావు వైరు వేయించుకోకూడదు. కోడలి పేరు తొడగకూడదు. కావలసింది తన పేరుతోనే అడగాలి. గుండె దడదడలాడింది. పెద్ద యుద్ధమేం కాదు, ఒక గది, ఒక వైరు. అయినా దడదడలాడింది.

పొద్దున్నే చిన్నమేస్త్రి సంచీతో వచ్చాడు. కొడుకు, కోడలు ఉద్యోగాలకు తయారై టీ గ్లాసులతో వెనక గది గుమ్మంలో నిలబడ్డారు.

"మెషీను ఈ మూల, బాబాయ్," అని కొడుకు వేలు చూపించాడు. "ఇస్త్రీ బల్ల కిటికీ దగ్గర."

"మెషీను ఇక్కడికి రాదు," అంది ఆమె.

గొంతు అనుకున్నదానికంటే చిన్నగా వచ్చింది. అయినా అందరికీ వినపడింది.

"అదేంటమ్మా? రాత్రి అనుకున్నాం కదా!"

"మీరు అనుకున్నారు. నేను కూర వడ్డించాను."

చిన్నమేస్త్రి సంచీలో ఏదో వెతకడం మొదలుపెట్టాడు. ఆ సంచీలో వెతకడానికి ఏమీ లేదు. కోడలి మొహం చిన్నబోయింది. "మీకు కష్టమనుకోలేదు అత్తయ్యా," అంది మెల్లగా. "వద్దంటే వద్దు, నేనే చూసుకుంటాలెండి."

"నువ్వెందుకమ్మా చూసుకోవడం? మెషీను మీ స్నానాల గది పక్కన, ఆ బీరువా జరిపితే పడుతుంది. ముగ్గురం వంతులేసుకుందాం."

"ముగ్గురా?" అన్నాడు కొడుకు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు తన చొక్కా కేసి చూసుకున్నాడు.

"బటను నొక్కడమే కదరా. మీ నాన్న నిన్ను నిచ్చెనెక్కించడానికి భయపడ్డాడుగాని, బటనుకేం ఫర్వాలేదు. షాక్ కొట్టదు."

చిన్నమేస్త్రి సంచీలోకే నవ్వాడు. కోడలు టీ గ్లాసు పెదవులకు అడ్డం పెట్టుకుంది. కొడుకు ఎర్రబడి, తనూ నవ్వేశాడు. నవ్వినా బెట్టు వదల్లేదు. "సరే. మెషీను రానప్పుడు లావు వైరెందుకు ఇక? ఆ మిగిలిన చుట్టే లాగెయ్ బాబాయ్."

ఆమె ఎదురు చూసింది ఈ మాట కోసమే. రాత్రంతా జవాబు కూడబలుక్కుంది.

చిన్నమేస్త్రి లేచి నిలబడ్డాడు. కొడుకును దాటుకుని ఆమె ముందుకు వచ్చి నిన్న అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగాడు, అసలేమీ జరగనట్టు. "వదినా, ఈ గదిలో ఏమేం పెట్టుకుంటావు?"

"గీజరు," అంది. "పెరటివైపు ఉన్న ఆ బయటి స్నానాల గదికీ దీనికీ ఈ గోడ ఒకటే కదా. నాకు వేన్నీళ్ళు కావాలి. అందరూ పోసుకున్నాక మిగిలినవి కాదు."

"ఊఁ."

"ఒక కెటిల్. నాకు మెలకువ వచ్చినప్పుడు టీ పెట్టుకుంటా. ఒక్క గ్లాసే. నేను ఇంతవరకూ ఒక్క గ్లాసు టీ పెట్టలేదయ్యా. ఎప్పుడు పెట్టినా గిన్నెడు పెట్టాను."

కొడుకు తన చేతిలో ఉన్న గ్లాసు కేసి చూసుకున్నాడు.

"ఊఁ. ఇంకా?"

"ఇక్కడ ఒక బల్ల వేసుకుంటా. రాసుకోవడానికి లైటు. అక్షరాల మీద నీడ పడకుండా ఎడమవైపు నుంచి రావాలి. నా కళ్ళు నీకు తెలుసుగా."

"ఊఁ. బల్బు, ఫ్యాను ఎలాగూ ఉంటాయి." చిన్నమేస్త్రి వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు. మీటరు కేసి, గది కేసి చూసి దూరం కట్టుకున్నాడు. "గీజరు, కెటిల్ ఒక్కసారే వేసినా నాలుగు వైరు బ్రహ్మాండంగా మోస్తుంది. నాలుగు లాగుతా."

"ఆరు లాగు," అంది ఆమె.

"ఆరా!" ఈసారి చిన్నమేస్త్రి కూడా ఆశ్చర్యపోయాడు. "ఆరు వైరంటే మీ ముందు గదులన్నిటికీ కలిపి మెయిన్‌లో లాగింది వదినా. నువ్వు చెప్పినవాటికి నాలుగే ఎక్కువ."

"అమ్మా, బాబాయ్ చెబుతున్నాడుగా!" అన్నాడు కొడుకు.

కోడలు మాత్రం ఆమెనే చూస్తోంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి ఎందుకో. "నాకర్థమైంది అత్తయ్యా," అంది. "ఇన్నేళ్ళూ ఈ ఇంటి బరువంతా మీరే మోశారు, సన్న వైరులాగా..."

"అయ్యో, కవిత్వం వద్దమ్మా," అంది ఆమె కోడలి చెంప నిమిరి. "నేను వైరుని కాదు. వైరు కొనిపించుకుంటున్న మనిషిని. నిజంగా వైరు గురించే మాట్లాడుతున్నా."

చిన్నమేస్త్రి గోడలోని అంగుళం పైపు మీద చెయ్యి వేశాడు. "పడుతుందిలే," అన్నాడు. "ఆరైనా పడుతుంది. లాగమంటే లాగుతా. కాని మేస్త్రిని కాబట్టి అడగాలి. చెప్పినవన్నీ నాలుగులో అయిపోతుంటే, మిగతాది దేనికి వదినా?"

ముగ్గురూ ఆమె జవాబు కోసం చూస్తున్నారు. కిటికీలోంచి పడిన ఎండలో సిమెంటు దుమ్ము తేలుతోంది. ఆమె తొందరపడలేదు.

"నువ్వడిగితే నిన్న రాత్రి కూర్చుని వెతికాను. మూడే దొరికాయి. అరవై ఏళ్ళ మీద మొదటిసారి వెతికితే మూడు దొరికాయయ్యా. ఇంకా ఏమేం కావాలో నాకే తెలీదు. తెలిసిన రోజున మళ్ళీ గోడ పగలగొట్టమని ఎవరినీ అడగను."

రాసినది: ఈ వీధిలో అందరికీ పెద్దమ్మ. వయసు అరవై నాలుగు. ఇప్పుడుంటున్నది వెనక గదిలో. వచ్చేవాళ్ళు తలుపు కొట్టి రావాలి.